సీసాకున్న చీటీ ట్యాంకుకేదీ?

రసాయనశాస్త్రం బోధించే కళాశాలల్లో ప్లాస్టిక్కు ఎలా తయారవుతుందో ప్రయోగం చేసి చూపడానికి స్టైరీన్ అనే ద్రవం వాడతారు. ఒక ప్రయోగానికి కావలసింది గ్లాసెడు కూడా వుండదు. గోధుమరంగు గాజు సీసాలో వచ్చే ఆ ద్రవాన్ని ఫ్రిజ్‌లో దాచుతారు. సీసాకు చీటీ అంటించి వుంటుంది. లోపల వున్నది ఏమిటి, దానికి నిప్పు భయం వున్నదా, ఎంత చల్లగా వుంచాలి, ఎన్నాళ్ళలోగా వాడాలి, కంట్లో పడితే ఏమి చెయ్యాలి అన్నవన్నీ ఆ చీటీమీద వుంటాయి. విద్యార్థి చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ఆవిరిని బయటికి లాగే ఫ్యాను వున్న గూటిలో పెట్టి మరీ దాని మూత తియ్యాలి. పక్కన అధ్యాపకుడు వుండాలి.

గ్లాసెడు ద్రవానికి ఇంత జాగ్రత్త. వుండవలసిందే. కాని విశాఖపట్నంలో గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఇదే స్టైరీన్ ఒక్క ట్యాంకులో 1,800 టన్నులకు పైగా వుండేది. గోడకు అవతల ట్యాంకు, ఇవతల ఇళ్ళు. సీసా చీటీని విద్యార్థి చదువుకున్నాడు. ట్యాంకు చీటీని ఊరివారికి చదివి వినిపించినవారెవరు?

ఈ ప్రశ్న వెంకటాపురానిది మాత్రమే కాదు. పరవాడ, అచ్యుతాపురం వరకు ఫ్యాక్టరీ గోడ పక్కన కాపురం వుంటున్న ప్రతి పల్లెదీను.

ఆ తెల్లవారుజామున

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకునుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. 1961లో హిందూస్థాన్ పాలిమర్స్ పేరిట మొదలైన ఆ ఫ్యాక్టరీ 1978లో మెక్‌డొవెల్ సంస్థలో కలిసి, 1997లో కొరియా సంస్థ చేతికి వచ్చింది. కరోనా లాక్‌డౌన్ మూలంగా మార్చి చివరినుంచి మూతపడి, తిరిగి తెరిచే ప్రయత్నంలో వున్న సమయమది. వెంకటాపురం, వెంకటాద్రినగర్, పద్మనాభపురం, నందమూరినగర్ వాసులు గాఢనిద్రలో వున్నారు.

ఘాటు వాసనకు మెలకువ వచ్చినవారు పిల్లలను ఎత్తుకుని వీధిలోకి పరుగుతీశారు. ఎటు పరుగెత్తాలో తెలియలేదు. కళ్ళు మండి, ఊపిరాడక, కొందరు దారిలోనే స్పృహతప్పి పడిపోయారు. మెలకువ రానివారు మంచాలమీదే వుండిపోయారు. 12 మంది చనిపోయారు. వారిలో పసిపిల్లలు వున్నారు, డాక్టరు కావలసిన వైద్య విద్యార్థి వున్నాడు. వందలాదిమందిని కింగ్ జార్జి ఆసుపత్రికి, ఇతర ఆసుపత్రులకు చేర్చారు. పారిపోవడానికి వీలులేని పశువులు నేలకొరిగాయి. చెట్ల ఆకులు మాడిపోయాయి.

చనిపోయినవారి కుటుంబాలకు ప్రభుత్వం కోటి రూపాయల వంతున ఇచ్చింది. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమచెయ్యాలని యాజమాన్యాన్ని ఆదేశించింది. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన ఉన్నతాధికార కమిటీ జూలై 6న నివేదిక ఇచ్చింది. ఆ మరునాడు సంస్థ అధికారులను అరెస్టు చేశారు. మిగిలిన స్టైరీన్ సుమారు 13 వేల టన్నులను ఓడల్లో దక్షిణ కొరియాకు తిప్పి పంపారు. ఇవన్నీ జరగవలసిన పనులే. అయితే ఇవన్నీ ప్రాణాలు పోయాక జరిగిన పనులు.

పెంటకుప్ప చెప్పే పాఠం

స్టైరీన్ రంగులేని, నూనెలాంటి ద్రవం. రేడియో పెట్టెలు, ఫ్రిజ్ లోపలి అరలు, పెళ్ళిళ్ళలో వాడే తెల్లని తేలిక ప్లేట్లు, టీవీ పెట్టెలో వచ్చే తెల్లని దిండు ముక్కలు - అన్నీ దీనితో చేసినవే. 2020 నాటికి మన దేశంలో దీని తయారీ లేదు. ఓడల్లో రేవులకు దిగేది.

దీనికి ఒక స్వభావం వున్నది. ఎవరూ ముట్టుకోకపోయినా, తనలో తాను కలిసి గట్టిపడి ప్లాస్టిక్కుగా మారాలని చూస్తుంది. అలా మారేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి మార్పు మరింత త్వరపడుతుంది. త్వరపడినకొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది. ఒక హద్దు దాటాక దానిని పట్టి ఆపడం మనిషి తరం కాదు.

రైతుకు ఇది అర్థంకాని సంగతి కాదు. పెంటకుప్పను పైన ముట్టుకుంటే చల్లగానే వుంటుంది. లోపలికి చెయ్యి పెడితే సలసల కాగుతున్నట్టుంటుంది. తడిసిన గడ్డిని వామువేస్తే పైకి ఏమీ కనిపించకుండానే లోపల ఉడికి, ఒక్కొక్కసారి అంటుకుంటుంది కూడా. గంపెడు పెంటకు ఈ బాధ లేదు. వేడి ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోతుంది. కుప్ప పెద్దదయ్యేకొద్దీ లోపలి వేడికి బయటికి దారి దొరకదు. గాజు సీసాకు, ట్యాంకుకు మధ్య తేడా సరిగ్గా ఇదే. సీసాలో పొరపాటు జరిగితే ఒక బల్ల పాడవుతుంది. ట్యాంకులో జరిగితే ఊరు పోతుంది.

అందుకే స్టైరీన్‌కు రెండు కట్లు వేస్తారు. మొదటిది చల్లదనం. పెద్ద ట్యాంకులలో 20 డిగ్రీలు దాటకుండా చూడాలి. రెండోది టీబీసీ అనే నిరోధక మందు. టన్నుకు 10 నుంచి 15 గ్రాములు వుంటే చాలు. అంటే 1,800 టన్నుల ట్యాంకుకు 18 నుంచి 27 కిలోలు. ఒక మనిషి మోసే బరువు. అయితే ఆ మందు ఒకసారి వేసి మరిచిపోయేది కాదు. రోజులు గడిచేకొద్దీ ఖర్చవుతుంది, వేడిలో మరీ త్వరగా ఖర్చవుతుంది. కొలిచి మళ్ళీ వెయ్యాలి. ద్రవంలో కొంత గాలి కరిగి వుంటేనే అది పనిచేస్తుంది. ట్యాంకులో ద్రవాన్ని కలియబెడుతూ వుంటేనే అన్ని మూలలకు అందుతుంది.

ఉన్నతాధికార కమిటీ తేల్చినదేమిటి? ట్యాంకు రూపకల్పన బాగాలేదని, చల్లబరిచే ఏర్పాటు చాలలేదని, ద్రవాన్ని కలియబెట్టే ఏర్పాటు సరిగా లేదని, వేడిని అడుగుభాగంలోనే కొలిచారని, నిరోధకం సరిపడా లేదని, పనిచేసేవారికి స్టైరీన్ గురించి తగిన అవగాహన లేదని. పెంటకుప్పను కిందినుంచి తడిమి చల్లగానే వున్నదనుకున్నట్టయింది. ప్రమాదం జరిగాక 500 కిలోల నిరోధకాన్ని గుజరాత్ నుంచి విమానంలో తెప్పించవలసి వచ్చింది. ముందుగా బస్తాలో సగం మందు చాలేది. తరువాత విమానం కావలసి వచ్చింది.

మోగని సైరన్

యంత్రం చెడడం ఒక సంగతి. చెడినప్పుడు పక్కవారిని లేపకపోవడం ఇంకో సంగతి. ఫ్యాక్టరీలో 36 చోట్లనుంచి సైరన్ మోగించే వీలున్నా ఆ రాత్రి ఒక్కచోటునుంచి కూడా మోగించలేదని ఆ కమిటీయే చెప్పింది. ట్యాంకు చెడడానికి ఎన్ని శాస్త్రీయ కారణాలైనా చెప్పవచ్చు. మీట నొక్కకపోవడానికి ఏ శాస్త్రం చదవాలి?

మరొక ప్రశ్న కూడా వేసుకోక తప్పదు. ఆ సైరన్ మోగే వుంటే ఊరివారు ఏమి చేసి వుండేవారు? షిఫ్టు మారిందనుకుని అటు తిరిగి పడుకునేవారా, ఏ దిక్కుకు వెళ్ళాలో తెలిసి లేచేవారా? సైరన్‌కు అర్థం చెప్పని చోట సైరన్ కూడా ఒక చప్పుడే.

ఇది ఒక్క ఫ్యాక్టరీ సమస్య కాదని విశాఖ చరిత్రే చెబుతున్నది. 1997 సెప్టెంబరు 14న హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో వంటగ్యాసు లీకై పేలి 60 మంది దాకా మరణించారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా కంపెనీలో ఎం.టి.బి.ఈ. అనే ద్రావకం లీకై, ఆవిరి అంటుకుని పేలి 17 మంది చనిపోయారు. ఆ ద్రావకం కూడా ప్రయోగశాలలో సీసాలో కనిపించేదే. 55 డిగ్రీలకే మరుగుతుంది. నీళ్ళు కాగక ముందే అది ఆవిరైపోతుంది. ఒకసారి గ్యాసు, ఒకసారి స్టైరీన్, ఒకసారి ద్రావకం. పేర్లు మారుతున్నాయి. ఏడుపులు మారడం లేదు.

రేవులో నెంబరు - ఫ్యాక్టరీలో ఏదీ?

ప్రజలకు ఇవన్నీ చెబితే బెదిరిపోతారు, అల్లరవుతుంది అని అనేవారున్నారు. ఇది ఎంతమాత్రం నిలవని వాదం.

విశాఖ రేవులో మూడో నెంబరు ఎగరేస్తే ఏమిటో, పదో నెంబరు ఎగరేస్తే ఏమిటో భీమిలినుంచి పూడిమడక దాకా ప్రతి జాలరికీ తెలుసు. వాతావరణశాస్త్రం చదివి తెలుసుకోలేదు. చిన్ననాటినుంచి వినివిని తెలుసుకున్నాడు. మూడో నెంబరు చూసి ఎవరూ బెంబేలెత్తి ఊరు విడిచిపోలేదు. పడవ పైకి లాక్కుని, వల సర్దుకుని జాగ్రత్తపడతాడు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు వేలాదిమంది కొట్టుకుపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ నగరం మీదుగానే తీరం దాటింది. ఆస్తినష్టం చెప్పనలవి కాదు. అయినా ముందుగా చెప్పి, ప్రజలను తరలించినందువల్ల ప్రాణనష్టం ఆ స్థాయిలో జరగలేదు. తెలిసిన భయం మనిషిని కాపాడుతుంది. తెలియని భయమే తొక్కిసలాట తెస్తుంది.

సముద్రానికి నెంబర్లున్నాయి. ఫ్యాక్టరీకి ఎందుకు వుండరాదు?

ఊరు ముందా, ఫ్యాక్టరీ ముందా అన్న వాదం కూడా వినిపిస్తూ వుంటుంది. ఫ్యాక్టరీ పెట్టిన తరువాత చుట్టూ ఇళ్ళు కట్టుకున్నారు గనుక తప్పు ఇళ్ళవారిదే అన్నట్టు కొందరు మాట్లాడతారు. కూలిపనికి దగ్గరగా వుండాలనుకున్నవాడు, నగరంలో అద్దె ఇచ్చుకోలేనివాడు అక్కడ ఇల్లు వేసుకున్నాడు. ఆ స్థలాలకు పట్టాలిచ్చినదెవరు? ప్లాన్లు మంజూరు చేసినదెవరు? కరెంటు, కుళాయి ఇచ్చి పన్ను వసూలు చేసినదెవరు? ఇటు ఇళ్ళకు, అటు ట్యాంకులకు అనుమతులిచ్చి, మధ్యన ఖాళీ వదలనివారు బాధ్యత తప్పించుకోవడం న్యాయం కాదు. పరవాడ ఫార్మాసిటీని ఆనుకుని వున్న తాడి గ్రామస్థులు తమ ఊరిని మరో చోటికి తరలించమని ఏళ్ళతరబడి మొరపెట్టుకుంటూ వచ్చారు. అక్కడ ఊరు ముందున్నదే కదా!

పరిశ్రమలు వద్దని ఎవరూ అనడం లేదు. ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమించి ప్రాణాలర్పించిన గడ్డ ఇది. రేవు, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ వేలాది కుటుంబాలకు అన్నం పెట్టాయి. ఫార్మా కంపెనీలకు ఉత్తరాంధ్ర పల్లెలనుంచి రోజూ బస్సుల్లో యువతీ యువకులు వెళుతున్నారు. ఆ ఉద్యోగాలు కావాలి. ఆ ఉద్యోగాలకు వెళ్ళిన బిడ్డ సాయంత్రానికి ఇంటికి రావాలి. రెండూ అడగడంలో అత్యాశ ఏమీ లేదు.

చట్టం చెప్పినది

నిజానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడవలసిన అవసరం కూడా లేదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో ఒక్క రాత్రిలో వేలమంది చనిపోయిన తరువాత దేశం మేల్కొన్నది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతులపై 1989లో దాని కింద నిబంధనలు చేశారు. ప్రమాదం జరిగితే బాధపడే అవకాశం వున్న బయటి ప్రజలకు ఆ ప్రమాదం ఎటువంటిది, ఏమి చెయ్యాలి, ఏమి చెయ్యరాదు అన్న సంగతులు తెలియజెయ్యడం యజమాని విధి అని ఆ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఫ్యాక్టరీ లోపల ఆరు నెలలకొకసారి ప్రమాద విన్యాసం జరపాలి. ఫ్యాక్టరీ బయట ఊళ్ళలో చేపట్టవలసిన రక్షణ ప్రణాళికను కనీసం ఏడాదికొకసారి అభ్యాసం చేసి చూడాలి.

1996లో మరికొన్ని నిబంధనలు వచ్చాయి. జిల్లా కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంక్షోభ నివారణ బృందం, పారిశ్రామిక వాడకొక స్థానిక బృందం వుండాలన్నాయి. చుట్టుపక్కల జనానికి బోధించడం ఆ స్థానిక బృందం బాధ్యత. అడిగినవారికి సమాచారం ఇవ్వడం కూడా వారి బాధ్యతే. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం సరేసరి.

కాగితం మీద ఇన్ని వున్నాయి. మరి ఈ జిల్లాలలో గోడ పక్కన వున్న ఊళ్ళలో ఎన్ని ఊళ్ళవారు తాము పాల్గొన్న విన్యాసం గురించి చెప్పగలరు? ఎన్ని ఇళ్ళలో తెలుగులో అచ్చువేసిన ఒక్క కరపత్రమైనా వున్నది? ఫ్యాక్టరీ గేటుముందు సిబ్బంది వరుసగా నిలబడి ఫొటో తీయించుకుంటే ఊరికి విన్యాసం జరిగినట్టు కాదు.

తెలిసి వుండవలసిన నాలుగు మాటలు

స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లకు పైగా బరువు. పొగలా పైకి లేవదు. నీళ్ళలా పల్లానికి పారుతుంది. కాలువల్లో, గుంటల్లో, గెడ్డల్లో, నూతుల్లో చేరుతుంది. నేలమీద పడుకున్నవారికి, సాలలో పడుకున్న పశువుకు ముందుగా తగులుతుంది. రాత్రివేళ గాలి స్తంభించినప్పుడు మరీ ప్రమాదం. అందువల్ల పల్లానికి పరుగెత్తకూడదు. గాలి ఎటు వీస్తున్నదో ఆకు కదలికనుబట్టి, ఎగిరే గుడ్డనుబట్టి చూసుకుని, గాలితోపాటు కాక, గాలికి అడ్డంగా పక్కకు నడవాలి. వాసన తగ్గాక గాలి వచ్చే దిక్కుకు, మెరకకు చేరాలి. బయటికి వెళ్ళే వీలు లేకపోతే తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, మేడ వుంటే పై అంతస్తుకు ఎక్కాలి.

ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే చాలునని చాలామంది నమ్మకం. నీటిలో బాగా కరిగే వాయువులకు అది కొంతవరకు పనికివస్తుంది. స్టైరీన్ నీటిలో దాదాపు కరగదు. గుడ్డ కట్టుకున్నామన్న ధైర్యంతో అక్కడే నిలబడకూడదు. తొలగిపోవడమే అసలైన మందు.

స్టైరీన్ 31 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకోగల ఆవిరినిస్తుంది. విశాఖ వేసవిలో ఆ మాత్రం వేడి ప్రతిరోజూ వుండేదే. కాబట్టి ఘాటు వాసన వచ్చినప్పుడు బీడీ, చుట్ట, పొయ్యి వెలిగించకూడదు. లైటు మీట ముట్టుకోకూడదు.

కొద్దిగా వున్నప్పుడు దీని వాసన తియ్యగా వుంటుంది. ఎక్కువైతే ఘాటెక్కి కళ్ళు, గొంతు మండుతాయి. తలనొప్పి, తలతిరుగుడు, వాంతి, తూలిపోవడం, స్పృహతప్పడం తరువాతివి. బాధితుణ్ణి ముందు మంచిగాలిలోకి చేర్చాలి. తడిసిన బట్టలు విప్పి ఒళ్ళు సబ్బునీటితో కడగాలి. కళ్ళను పావుగంటసేపు మంచినీటితో కడగాలి. స్పృహలేనివాడి నోట్లో నీళ్ళు, మజ్జిగ పొయ్యరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ద్రవం మింగినవారిచేత వాంతి చేయించకూడదు. ఏ రసాయనం సోకిందో డాక్టరుకు చెప్పగలిగితే సగం వైద్యం జరిగినట్టే. చీటీ అవసరం అక్కడ మరోసారి తెలుస్తుంది. దీర్ఘకాలంలో స్టైరీన్ క్యాన్సరు కలిగించే అవకాశం వున్నదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో వర్గీకరించింది. అందుచేత ఒకసారి సోకినవారికి మాత్రలిచ్చి పంపితే చాలదు. ఏళ్ళతరబడి ఆరోగ్య పరీక్షలు జరిపించాలి.

ఇంటికి వచ్చే డ్రమ్ము

ఫ్యాక్టరీ ప్రమాదం ఎప్పుడో వస్తుంది. డ్రమ్ము ప్రమాదం రోజూ ఇంట్లోనే వుంటుంది. రసాయనాలు తెచ్చిన నీలం ప్లాస్టిక్కు డ్రమ్ములు, ఇనుప పీపాలు పాతసామాను దుకాణాలకు చేరి, అక్కడినుంచి పల్లెలకు వస్తాయి. మూడు కడుగులు కడిగి మంచినీళ్ళు పడతారు. విత్తనాలు దాస్తారు. పశువులకు కుడితి పెడతారు. ద్రావకం ప్లాస్టిక్కు గోడల్లోకి ఇంకుతుంది. ఎన్ని కడుగులు కడిగినా పూర్తిగా పోదు. వాసన తగ్గితే విషం పోయిందనుకోవడం పొరపాటు.

ఇనుప పీపాను కోసి పొయ్యికో, తొట్టికో వాడుకోవాలని గ్యాసు కటింగుకు తీసుకువెళ్ళడం మరీ ప్రమాదం. నిండు పీపాకంటే ఖాళీ పీపాయే ఎక్కువ పేలుతుంది. ఎందుకంటే ఖాళీ అనుకున్నదాని నిండా వున్నది ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం. నిప్పు తగిలితే చాలు. చీటీ చింపేసిన డ్రమ్మును ఎంత చవకగా ఇచ్చినా ఇంటికి తేకూడదు. అటువంటి డ్రమ్ములు పల్లెలకు చేరకుండా అడ్డుకోవలసింది కాలుష్య నియంత్రణ మండలి, స్థానిక అధికార్లు.

చెయ్యవలసిన పనులు

కోట్ల రూపాయల పనులు అడగడం లేదు. ప్రమాదకర రసాయనం నిల్వచేసే ప్రతి ఫ్యాక్టరీ గేటు బయట, ఊరివైపు, పెద్ద తెలుగు అక్షరాలతో బోర్డు పెట్టాలి. లోపల వున్న రసాయనం పేరు, గరిష్ఠంగా ఎన్ని టన్నులు, వాసన ఎలా వుంటుంది, లీకైతే ఏమి చెయ్యాలి, ఏ నెంబరుకు ఫోను చెయ్యాలి - ఈ అయిదు సంగతులు చాలు. అదే బోర్డు పంచాయతీ కార్యాలయం దగ్గర, బడి గోడమీద, పాలకేంద్రం దగ్గర కూడా వుండాలి.

సైరన్ చప్పుళ్ళను రేవు నెంబర్లలా నిర్ణయించాలి. షిఫ్టు సైరన్ ఒక తీరు, ప్రమాద సైరన్ మరొక తీరు, ప్రమాదం తప్పిందన్న సైరన్ ఇంకొక తీరు. ఊరికి చిన్నపిల్లాడితో సహా తేడా తెలియాలి. సైరన్ పనిచెయ్యకపోతే రామాలయం మైకు, మసీదు మైకు, చర్చి గంట వున్నాయి. ఫ్యాక్టరీనుంచి ఫోను అందుకుని వాటిని మోగించే బాధ్యత వీధికి ఇద్దరికి అప్పగించాలి.

విన్యాసం పగలు కాదు, రాత్రి జరపాలి. వెంకటాపురం ప్రమాదం తెల్లవారుజామున వచ్చింది. ముసలివారిని ఎవరు మోస్తారు, పశువుల పలుపులు ఎవరు విప్పుతారు, బస్సు ఎక్కడికి వస్తుంది అన్నవి చీకట్లో చేసి చూసినప్పుడే లోపం బయటపడుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో దగ్గరి ఫ్యాక్టరీల రసాయనాల పట్టిక, ఆక్సిజన్ సిలిండర్లు వుండితీరాలి. మూతపెట్టిన ఫ్యాక్టరీని తిరిగి తెరిచేముందు తనిఖీ చెయ్యడం, ఆ సంగతి ఊరికి చాటింపు వేయించడం తప్పనిసరి కావాలి.

గ్రామస్థుల వంతు కూడా వున్నది. గ్రామసభలో రోడ్డు గురించి, పింఛన్ల గురించి అడిగినట్టే ఈ సంగతీ అడగాలి. మా ఊరి పక్క ట్యాంకులో ఏమున్నదో తెలుగులో రాసి ఇవ్వండి అని తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలి. ఊళ్ళో ఫ్యాక్టరీ పనికి వెళ్ళే కుర్రాళ్ళున్నారు, బడిలో సైన్సు మాస్టారున్నారు. వారిచేత ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర చెప్పించుకుంటే పోయేదేమీ లేదు.

ప్రయోగశాలలో విద్యార్థికి మొదటిరోజు నేర్పే పాఠం ఒకటే: చీటీ చదవకుండా సీసా ముట్టుకోకు. గోడ పక్కన కాపురం వుంటున్న పల్లెకు ఆ హక్కు కూడా లేకపోతే ఎలా? గోడ ఫ్యాక్టరీది కావచ్చు, గాలి ఊరందరిది. వెంకటాపురంలో పోయిన 12 ప్రాణాలు తిరిగిరావు. మరొక ఊరు మరొక తెల్లవారుజామున అలా లేవకుండా చూడడమే వారికి ఇవ్వగల నివాళి. ట్యాంకుకు చీటీ అంటించే ఆ పని అధికార్లు, యాజమాన్యాలు ఇప్పుడే మొదలుపెట్టాలి.